స్వామి ఇంట్లో పిల్లి మేత

పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళు ఉన్నాయనగా, ఒక ఏప్రిల్ నెలలో నన్ను జంషెడ్‌పూర్ పట్టణంలోని ప్రభుత్వ పశువైద్యశాలకు బదిలీ చేశారు. అంతవరకు నేను బ్లాక్, అంటే మన మండలం లాంటి దానికి, పశుపాలన అధికారిణిని. ఆ హోదా వినడానికి పెద్దగా ఉంటుంది గాని పనంతా బురదలోనే. ఈనలేక అవస్థపడే ఆవుల దగ్గర కూర్చోవడం, మేకలకు టీకాలు వెయ్యడం, ఎక్కడైనా కోళ్ళకు తెగులొస్తే చచ్చిన కోడిని కోసి చూసి పై అధికారికి రిపోర్టు పంపడం. పట్నం ఆసుపత్రిలో బల్ల మీదికి ఎక్కేవి మారిపోయాయి. పొద్దున్న తలుపులు తీసేసరికి కుక్కలూ పిల్లులూ, వాటి వెనకాల వాటికన్నా ఎక్కువ భయపడుతున్న మనుషులూ ఉండేవాళ్ళు.

ఆ మనుషుల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో ఫిట్టరుగా చేరాడు. నేను బర్మామైన్స్ క్వార్టర్లలోనే పెరిగాను. తెలుగు డాక్టరమ్మ వచ్చిందన్న కబురు ఆ క్వార్టర్ల లైన్లలో నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే పాకిపోయింది. అక్కడ అందరికీ హిందీ దంచి మాట్లాడటం వచ్చు, కానీ జబ్బు సంగతి చెప్పాల్సి వస్తే నోటికి ఇంటి మాటే వస్తుంది.

నేను చెప్పబోయే సంగతి ఆ ఏడాది నవంబరు చివర్లో మొదలైంది. ఒక ఉదయం ఏడో నెల గర్భిణి ఒకామె ప్లాస్టిక్ బుట్టలో తువ్వాలు పరిచి పిల్లిని తీసుకొచ్చింది. ఆమె పేరు గౌరి. వెనకాలే తల్లి అప్పలనరసమ్మ వచ్చింది గాని గుమ్మం దాటి లోపలికి రాలేదు. కొడుకు అయ్యప్ప మాల వేసుకున్నాడట. ఇంటికెళ్ళి అతనికి వంట చెయ్యాలి, ఆసుపత్రిలో ఏదైనా తగిలిందంటే మళ్ళీ తలస్నానం చెయ్యాలి. అందుకని వరండాలోనే కొంగు దగ్గరగా చుట్టుకుని నిలబడింది. అయినా నేను అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కణ్ణించే వచ్చింది.

పిల్లి పేరు బిట్టు. నారింజ రంగు మగపిల్లి, బాగా ముద్దుగా పెరిగినది. బల్ల మీద పెడితే పడుకున్న చోటే పడుకుని ఉంది. మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది వెంటనే సర్దుకుంటుంది, దీనికి మడతలా అలాగే నిలబడింది. అంటే ఒంట్లో నీరు ఇంకిపోయిందని అర్థం. జ్వరం ఉంది. పొట్ట నొక్కితే మూలుగుతోంది. తోక కింద రక్తపు జీర కనిపించింది.

"పరసోం సే ఏటీ తింటల్లేదు మేడమ్. పానీ తాగినా కక్కేత్తంది," అంది గౌరి. మొన్నట్నుంచీ అదే పరిస్థితి అన్నమాట.

మా వృత్తిలో మందుకన్నా ముందు వచ్చేది హిస్టరీ. ఏం తిన్నది, ఎప్పట్నుంచి తింటోంది, ఎక్కడ తిరిగింది అన్న ప్రశ్నల వరస అది. పశువు నోరు విప్పి చెప్పదు కాబట్టి మనిషి నోటి నుంచే జబ్బు ఆనవాలు పట్టుకోవాలి. ఏం పెడుతున్నారని అడిగాను. కచ్చా చికెన్ అంది. కద్మాలో తన ఇంట్లో ఉన్నప్పుడు ఉడికించే పెట్టేదట. ఇక్కడికొచ్చాక పచ్చిది పెడుతోంది. ఎందుకలా మార్చావన్నాను.

గౌరి నోరు తెరిచేలోపే వరండాలోంచి జవాబొచ్చింది. "సామి ఉన్న ఇంట్లో నీసు వండకూడదు కదమ్మా! వండితేనే అది మాంసం. వండకపోతే ఉత్త పిల్లి మేత."

ఆ మాట ఎంత ధీమాగా అందంటే నాకు నవ్వొచ్చింది. మాల వేసుకున్న స్వామి నలభై ఒక్క రోజులూ మాంసం ముట్టడు, అతనికి వండే పొయ్యి మీదా మాంసం ఎక్కదు. ఇది మా లైన్లలో చిన్నప్పట్నుంచీ చూసినదే. అయితే పిల్లికి దీక్ష లేదు. ఆకలి దాని దారిన అది వేస్తుంది. పొయ్యి మైలపడకుండా, పిల్లి కడుపు మాడకుండా వీళ్ళు మధ్యే మార్గం ఒకటి కనిపెట్టారు. గౌరి మొగుడు ఫోన్‌లో ఏవో వీడియోలు పంపి, పిల్లి పులి జాతిదేగా, పచ్చిది దాని ఒంటికి మంచిదే అని చెప్పాడట. పిల్లి కూడా ఆవురావురుమని తింది. దాంతో అందరి మనసూ కుదుటపడింది.

నా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పిల్లిని పట్టుకున్న గౌరి చూపుడు వేలికి పసుపు రాసిన గుడ్డపీలిక కట్టి ఉంది.

"ఏమైంది వేలికి?"

"మాంసం కోత్తంటే కత్తి తగిలింది మేడమ్."

"నువ్వు కోస్తున్నావా?"

"ఇంకెవరున్నారు? సామి ముట్టుకోకూడదు. అమ్మ సామికి వండాల, ఆవిడా ముట్టుకోకూడదు. మై హీ బచీ, నేనొక్కదాన్నే."

నాకు ఒళ్ళు మండింది. దుకాణానికి వెళ్ళేది ఆమె, మాంసం కోసేది ఆమె, పిల్లి దొడ్డికి కూర్చునే ఇసుక తీసేది కూడా ఆమె. పచ్చిమాంసంలో ఉండే క్రిములు ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి రెండ్రోజులు పడుకోబెట్టి వదిలేస్తాయి. గర్భిణి విషయంలో కొన్ని కడుపులో బిడ్డదాకా వెళతాయి. ఇలా పశువు నుంచో మాంసం నుంచో మనిషికి వచ్చేవాటిని మా పుస్తకాల్లో జూనోసిస్ అంటారు. ఆ జబ్బుల విషయంలో ముందుగా కాపాడాల్సినవాళ్ళ వరసలో మొట్టమొదట ఉండేది గర్భిణి. ఈ ఇంట్లో నియమాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చేసరికి, మాంసం ముట్టుకోవడానికి సరిగ్గా ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ ముక్క నేను గొంతు తగ్గించకుండానే చెప్పాను. అప్పలనరసమ్మ ఉలిక్కిపడింది గాని వెంటనే తన దారి తాను చూసుకుంది. "అందుకేనమ్మా, దాన్ని వదిలించేత్తానంటన్నా. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర పిల్లేటని లైన్లో అందరూ గోల. ఆదివారం ఆటో మాట్లాడినాను. బ్రిడ్జి దాటించి మాంగో బజార్లో దింపేత్తాడు. అక్కడ చేపలు అమ్ముతారు, దాని తిండికేటి లోటు?"

జబ్బు పిల్లిని నది అవతలి ఆ పేట బజార్లో వదిలితే అది ఆ వారం బతకదని చెప్పాను. ఆవిడ దానికీ సిద్ధంగానే ఉంది. దీక్షలో ఉన్న ఇంట్లోవాళ్ళు జీవహింస చెయ్యకూడదట. అందుకనే తాము చెయ్యడం లేదట. "ఆటోవోడు దింపితే మాకు అంటదమ్మా," అంది.

గౌరి బుట్ట అంచు పట్టుకుని తల్లి వైపు తిరక్కుండా చెప్పింది. "బిట్టు ఎల్తే నేనూ ఎల్లిపోతా. కద్మా ఇంటి తాళం నా దగ్గరే ఉంది."

ఆ మాటలో బెదిరింపు లేదు, నిర్ణయం ఉంది. ఆమె మొగుడు కాంట్రాక్టు పనిమీద ఒడిశాలో ఉన్నాడు, వేసవిదాకా రాడు. ఆ ఇల్లు తాళం వేసి, తొలికాన్పుకని పుట్టింటికి వస్తూ పిల్లిని వెంట తెచ్చుకుంది. ఏడో నెలలో ఆ తాళం తీసి ఒక్కతీ ఉంటే, నొప్పులు ముందుగా వస్తే పిలవడానికి మనిషుండదు. పిల్లి ఉంటే బిడ్డకు ప్రమాదమని తల్లి, పిల్లి లేకపోతే నేనుండనని కూతురు. మధ్యలో ఆ పిల్లి నా బల్ల మీద కళ్ళు సగం మూసుకుని పడుంది.

ముందు పిల్లి సంగతి చూశాను. చర్మం కింద సెలైన్ ఎక్కించి, వాంతులకు ఇంజక్షన్ ఇచ్చి, విరేచనం నమూనా తీసి రాంచీలోని ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చేశాను. నమూనా తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ముందే ఇస్తే క్రిమి దొరక్కుండా పోతుంది. రోజూ తీసుకురమ్మన్నాను. గౌరి మాత్రం ముట్టుకోకూడదని, బుట్టను ఆటోలో పెట్టడం, దించడం ఎవరైనా వేరేవాళ్ళు చెయ్యాలని ఖండితంగా చెప్పాను. తేరుకునేదాకా దాని తిండి నేనే ఉడికించి ఆసుపత్రికి తెచ్చి పెట్టాను. మా ఇంట్లో దీక్షలేమీ లేవు.

ఆ తర్వాత గౌరి సంగతి. మనుషులకు ఒక్క మాత్రైనా రాసే అధికారం పశువైద్యులకు లేదు. ఆ గీత నేను ఉద్యోగంలో ఎప్పుడూ దాటలేదు. తనను చూస్తున్న ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్ళి, పచ్చిమాంసం కోసిన సంగతి, వేలు తెగిన సంగతి, పిల్లి జబ్బు సంగతి ఏదీ దాచకుండా చెప్పమన్నాను. ఏ రక్తపరీక్ష చెయ్యాలో ఆవిడే చూసుకుంటుంది.

చివరికి వరండాలోకి వెళ్ళి అప్పలనరసమ్మతో అన్నాను. "శనివారం డ్యూటీ అయ్యాక మీ ఇంటికొస్తున్నాను. నేనొచ్చి వెళ్ళేదాకా పిల్లి ఎక్కడికీ వెళ్ళదు."

"మా ఇంటికేటమ్మా, ఎందుకు?"

"మేత చూడ్డానికి," అన్నాను.

పల్లెల్లో పనిచేసినప్పుడు నేర్చుకున్న పద్ధతి అది. పశువు జబ్బుపడితే పశువుని చూసినంత జాగ్రత్తగా దాని కొట్టాన్నీ తొట్టినీ చూడాలి. పట్నానికి వచ్చినంత మాత్రాన ఆ అలవాటు వదులుకోవడం నాకిష్టం లేదు.

శనివారం సాయంత్రం వెళ్ళాను. మేం పెరిగిన వరసకు అవతలి వరస వాళ్ళది. ముందుగదిలో నల్లబట్టల్లో చెప్పులు లేకుండా రమణ ఎదురొచ్చి "స్వామి శరణం" అన్నాడు. అతనే గౌరి తమ్ముడు, టాటానగర్‌లో వ్యాగన్ల మరమ్మతు పనిలో ఉన్నాడు. మాల వేసుకున్నాక తల్లి కూడా కొడుకుని పేరుపెట్టి పిలవకూడదు, సామీ అనే అనాలి. నెమ్మదైన మనిషి. పిల్లి విషయంలో తల్లికీ అక్కకీ మధ్య నలిగిపోతున్నాడని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

పెరట్లోకి వెళ్ళాం. స్నానాలగది గోడకి ఒక మేకు ఉంది. పొద్దున్న గౌరి తెచ్చిన మాంసం సంచి ఆ మేకుకే తగిలించేవారట. ఫ్రిజ్‌లో స్వామి పాలూ పళ్ళూ ఉంటాయి కాబట్టి మాంసం అందులోకి పోకూడదు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఆ సంచిలోంచే కోసి పెట్టేది. చలికాలమే కదా, ఏం పాడవుతుందని అందరూ అనుకున్నారు. మనకి స్వెట్టరు కావలసిన చలి కోడిమాంసంలోని క్రిములకు చలి కానే కాదు. టీకాల పనిలో మేము కోల్డ్ చైన్ అంటాం. తయారైన చోటు నుంచి సూదిలోకి ఎక్కేదాకా టీకా చల్లదనం ఎక్కడా తెగకూడదు, ఒక్కచోట తెగితే అంతా వృథా. మాంసానికీ అదే లెక్క. ఈ ఇంట్లో ఆ గొలుసు దుకాణం గుమ్మం దగ్గరే తెగిపోతోంది.

తక్కినవీ చూశాను. మాంసం కోసే చెక్కముక్క మధ్యలో పగిలి ఉంది. కత్తిని అంట్లు తోమే కుళాయి దగ్గరే కడుగుతున్నారు, అక్కడే బియ్యం కూడా కడుగుతారు. ఇసుకపెట్టెను గౌరి రెండ్రోజులకోసారి తీస్తోంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటే, అది మనిషికి అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజో ఇంకా ఎక్కువో పడుతుంది. రోజూ తీసేస్తే ఆ భయం చాలావరకు తప్పుతుంది, నిలవ ఉంచితేనే ముప్పు. గర్భిణి అసలు తియ్యనే కూడదు. పచ్చిమాంసం తినే పిల్లికి ఆ సూక్ష్మజీవి పట్టే అవకాశం మరీ ఎక్కువ.

అప్పలనరసమ్మ అన్నీ వింది. విని, "అందుకేనమ్మా ఆటో," అంది.

నేను కోపం దిగమింగుకుని వేరే సంగతి ఎత్తాను. స్వామి సామాను ఎక్కడ పెడతావో చూపించమన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. వంటింట్లో పై అరలో అతని కంచం, గ్లాసు, చెంబు వేరే. వాటిని తోమే పీచు వేరే, తుడిచే గుడ్డ వేరే. ఆ గుడ్డ ఆరేసే దండెం కూడా వేరే. అవి తీసేముందు చేతులు మోచేతులదాకా కడుక్కుంటుందట. గౌరి నీడ కూడా ఆ అర మీద పడదని గర్వంగా చెప్పింది. మిగిలిన అన్నం నిలవ ఉంచదు, ఆవుకి పెట్టేస్తుంది.

"ఇంత నిష్ఠ ఎవరికోసం?" అన్నాను.

"సామికోసం. మైల తగలకూడదు కదా."

"ఈ ఇంట్లో దీక్షలో ఉన్నది ఇద్దరమ్మా. ఒకరికి నువ్వు కంచం వేరే పెట్టావు. రెండోవాళ్ళు నీ కూతురి కడుపులో ఉన్నారు. ఇంటి మైలంతా తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టావు."

అంతటితో నేను ఆగలేదు. "పిల్లిని మాంగోలో దింపుతావు, సరే. మాల తీసిన మర్నాడు ఈ ఇంట్లో కోడికూర వండుతారా, వండరా?"

"వండుతాం."

"ఆ కోడిని కడిగి, ముక్కలు కోసేది ఎవరు?"

అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూసింది, కూతురి వేలి మీది పీలిక వైపు చూసింది. పొయ్యి పని తల్లిది, కోతలూ కడుగుళ్ళూ కూతురివి. ఆ ఇంట్లో గౌరి పెళ్ళికి ముందునుంచీ పద్ధతి అదేనట. పిల్లిని పంపించేసినా ఆ పద్ధతి ఇంట్లోనే ఉంటుంది. ఇక ఆటోవాడి సంగతంటావా, మాట్లాడింది నువ్వే కాబట్టి అతని చెయ్యి కూడా నీ చెయ్యే అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

గౌరి ఏడవలేదు, బతిమాలలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు అప్పలనరసమ్మ కొడుకు వైపు తిరిగి అంది.

"సామీ, రేపట్నుంచి నీ వంట నువ్వే వండుకో."

రమణ తెల్లబోయాడు.

"అలా సూత్తావేటి? సాములు సొంతంగా వండుకుంటే మరీ మంచిదని మీ గురుసామే సెప్పినాడు కదా. పొయ్యి నీది, గిన్నెలు నీవి. మాకూ రెండు మెతుకులు నువ్వే వండి పెట్టు. నాను పొయ్యి దగ్గరికి రాను. మాంసం నాను సూత్తాను. గౌరి, నువ్వు పెరట్లో కాలెట్టినావంటే ఊరుకోను."

ఆవిడ నిర్ణయం తీసుకోవడానికి నాకిచ్చిన టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. అంతకుముందు ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ మాటతో పోయింది.

పిల్లి తిండిని మళ్ళీ ఉడికించిన మాంసానికి మార్చడమే సరైన పద్ధతి. గర్భిణి ఉన్న ఇంట్లో పచ్చిది పెట్టమని ఏ పశువైద్యుడూ అనడు, నేనూ అనలేదు. పెరటి మూల చిన్న పొయ్యి పెట్టి ఉడికిస్తారా అని అడిగాను. ఇరుముడి కట్టేదాకా ఆ ఆవరణలో నీసు వాసన రాకూడదని, బయట వండి తెచ్చినా వండిన మాంసం గడప దాటకూడదని తల్లీ కొడుకూ ఇద్దరూ అన్నారు. దుకాణంలో దొరికే పిల్లి బిస్కట్లు తెప్పించి చూశాం. బిట్టు వాటిని వాసన చూసి, ముందుకాలితో నేలను గీకి, దొడ్డికి వెళ్ళిన చోట మట్టి కప్పినట్టు చేసి వెళ్ళిపోయింది. పస్తు పెట్టి దారికి తెద్దామంటే పిల్లి విషయంలో అది కుదరదు. కొద్దిరోజులు తిండి మానేస్తే దాని కాలేయం చెడిపోతుంది. కాబట్టి బిస్కట్లు కొద్దికొద్దిగా కలుపుతూ, దీక్ష పూర్తయ్యేదాకా పచ్చిమాంసాన్నే వీలైనంత తక్కువ ముప్పుతో పెట్టించాలి. వాళ్ళ నియమం మీద చెయ్యి వెయ్యకుండా ఆ పని సాగించాలని నేనూ పట్టుబట్టాను.

ఏర్పాటు ఇలా చేశాం. మాంగోలో నాకు తెలిసిన దుకాణం ఒకటుంది. శుభ్రంగా ఉంచుతాడు, పెద్ద డీప్ ఫ్రీజర్ ఉంది. కోడి కండ, గుండెకాయ, చిటికెడు కార్జం కలిపి పూటకొక పొట్లం కట్టి, వారంపాటు గడ్డకట్టించి ఇవ్వమన్నాను. మొదటి వారానికి తన దగ్గర అప్పటికే గడ్డకట్టి ఉన్నదాంట్లోంచి ఇచ్చాడు. పూర్తిగా కండే పెడితే పిల్లికి కాల్షియం అందక ఎముకలు మెత్తబడతాయి, దానికి పొడి మందు రాశాను. గుండెకాయలో టౌరిన్ అనే పదార్థం ఉంటుంది, అది లేకపోతే పిల్లి కళ్ళూ గుండే దెబ్బతింటాయి. కార్జం మాత్రం మోతాదు మించకూడదు. పొట్లాలు పక్క క్వార్టర్ ఒడియా ఆవిడ ఫ్రీజర్‌లో మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉంటాయి. వాళ్ళింట్లో మాల ఎవరూ వెయ్యలేదు. మర్నాటి పొట్లాన్ని ముందురోజే ఆవిడ ఫ్రిజ్ కింది అరలోకి దించాలి. ఎండలోనో గట్టు మీదో పెట్టి కరిగించకూడదు.

ఒక విషయం మాత్రం అప్పలనరసమ్మకి మళ్ళీ మళ్ళీ చెప్పాను. గడ్డకట్టిస్తే పురుగులూ, టాక్సోప్లాస్మా తిత్తులూ చాలావరకు చస్తాయి. బాక్టీరియా చావవు, నిద్రపోతాయి. కరగగానే లేస్తాయి. అందుకని కరిగిన మాంసాన్ని స్వామి కంచానికి ఎంత దూరం పెడతావో కూతురికీ అంత దూరం పెట్టు అన్నాను. ఆ ఒక్క మాటతో నేను చెప్పాల్సిన మిగతావన్నీ ఆవిడే పూర్తిచేసేసింది. పిల్లికి వేరే గిన్నె, వేరే పీచు, పెరట్లో వేరే బకెట్టు వచ్చాయి. పగిలిన చెక్కముక్కని పారేసింది. పిల్లి తిన్నంత తిని లేవగానే మిగిలింది తీసి పారేసి, గిన్నె వేడినీళ్ళతో కడిగి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కునేది. ఇసుకపెట్టె రోజూ తీసేది. కాలు కడగకుండా బిట్టు గౌరి మంచమెక్కితే లైనంతా వినబడేలా కేకలేసేది.

ఆదివారం ముందుగా మాట్లాడిన ఆటో రానే వచ్చింది. అప్పలనరసమ్మ సంచీ పట్టుకుని తనే ఎక్కి, బ్రిడ్జి దాటించమంది. పిల్లి ఏదమ్మా అని అడిగిన ఆటోవాడితో, దానికే మేత తేవాలి పద అందట. ఈ సంగతి గౌరి నాకు నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

రాంచీ నుంచి రిపోర్టు వచ్చింది. నేననుకున్నట్టే సాల్మొనెల్లా, కోళ్ళ పేగుల్లో ఉండే బాక్టీరియా. మందు సరిపోయింది, బిట్టు కోలుకుంది. గౌరి రక్తపరీక్ష రిపోర్టు మాత్రం ఆలస్యమైంది. ఆ రోజుల్లో అప్పలనరసమ్మకి నిద్ర లేదని గౌరి చెప్పింది. పగలు ఎవరితోనూ ఆ ప్రస్తావన తేకుండా, ఆవిడ పెరట్లో గచ్చు కడిగిందే కడిగేదట. ఇంట్లో స్వామి ఉప్మా ఉండలు కట్టినా, పప్పు మాడినా ఎవరూ పల్లెత్తు మాటనలేదు.

రిపోర్టు వచ్చిన రోజున అప్పలనరసమ్మ పిల్లిని తిరుగుపరీక్షకి తీసుకొచ్చింది. ఒక్కతే వచ్చింది. వరండాలో ఆగలేదు. బుట్టతో సహా తిన్నగా లోపలికొచ్చి, బిట్టుని ఎత్తి బల్ల మీద పెట్టి, ముందుకాళ్ళు ఒక చేత్తో, మెడ ఒక చేత్తో పట్టుకుంది. నేను థర్మామీటరు పెడుతుంటే అంది. "పిల్లకేటీ లేదంటమ్మా. కొత్తగా ఏటీ అంటలేదని డాక్టరు రాసి ఇచ్చింది." ఆ మాట చెబుతూ కూడా పిల్లి మీద పట్టు మాత్రం వదల్లేదు.

రమణ ఇరుముడి కట్టుకుని వెళ్ళి దర్శనం చేసుకొచ్చి మాల తీశాడు. మర్నాడే ఆ ఇంట్లో కోడికూర వండారు. కోసింది అప్పలనరసమ్మే, పెరట్లో, వేరే చెక్క మీద. బిట్టు వాటా విడిగా ఉడికించి, ఎముక ఏరేసి పెట్టింది. వండిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుందని నేను చెప్పింది మరిచిపోలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో పిల్లికి పచ్చిది పెట్టలేదు. ఫిబ్రవరిలో గౌరి అదే ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్ళి ప్రసవించింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం.

మా శాఖలో హిస్టరీకి ఒక వరస ఉంది. వయసు, టీకాలు, తిండి, తిరుగుడు అని సాగుతుంది. ఆ సంఘటన తర్వాత నేను ఆ వరసకి ముందు ఒక కొత్త ప్రశ్న చేర్చాను. ఎంత నిష్ఠగల ఇంట్లోనైనా ఎవరూ ముట్టుకోకూడని పని ఒకటి మిగులుతుంది. దాన్ని ఎవరో ఒకరు ముట్టుకుంటూనే ఉంటారు. చాలాసార్లు ఆ పని కాదని చెప్పలేని మనిషి మీదే పడుతుంది. అందుకే పదవీ విరమణ చేసేదాకా, పచ్చిమాంసం తినే ఏ పిల్లి నా బల్ల మీదికి ఎక్కినా, ఏం పెడుతున్నారని అడిగే ముందు, కోసేది ఎవరని అడిగేదాన్ని.